ఎవరూ లేని వేళ మీటరు: ప్రాంగణ భవనాల్లో ఎనర్జీ ఇంజనీరు పని

విశ్వవిద్యాలయం గానీ, ఇంజనీరింగు కళాశాల గానీ, పరిశోధన సంస్థ గానీ, ఒకే ప్రహరీగోడ లోపల పదుల కొద్దీ భవనాలు, వాటన్నిటికీ కలిపి ఒకే హైటెన్షన్ సర్వీసు, ఒకే బిల్లు ఉన్న చోటును ప్రాంగణం అనుకుంటే, అక్కడ ఖర్చయ్యే విద్యుత్తును గురించి అన్నిటికంటే ముందు వేసుకోవలసిన లెక్క చాలా చిన్నది. ఏడాదికి 8,760 గంటలు. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా, ఏడాదికి 240 పనిదినాలు నడిచే తరగతి గదుల భవనం నిజంగా వాడుకలో ఉండేది 1,920 గంటలు. తక్కిన 6,840 గంటలు, అంటే ఏడాదిలో 78 శాతం కాలం, అందులో వాచ్‌మన్ తప్ప మరో మనిషి ఉండడు. ఊహకు ఒక భవనాన్ని తీసుకొని, పగలు దాని లోడు 120 కిలోవాట్లనీ, ఎవరూ లేని వేళ 30 కిలోవాట్లనీ అనుకుంటే, పనివేళల ఖర్చు 2,30,400 యూనిట్లు, ఖాళీ వేళల ఖర్చు 2,05,200 యూనిట్లు అవుతుంది. పాఠం చెప్పినందుకు అయిన ఖర్చుతో చెప్పనందుకు అయిన ఖర్చు దాదాపు సరితూగుతున్నది. ప్రాంగణ భవనాల్లో పనిచేసే ఎనర్జీ ఇంజనీరు వృత్తి ఈ రెండో అంకెను పట్టుకోవడంతో మొదలవుతుంది. ఆ అంకె పాతబడిన యంత్రాల వల్ల పుట్టేది కొంత మాత్రమేననీ, ఒకరి బాధ్యత ముగిసి మరొకరిది ఇంకా మొదలుకాని సందుల్లో పుట్టేదే ఎక్కువనీ చూపడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ముందు మాటల సంగతి. తెలుగులో 'పొదుపు' అనే ఒక్క మాట రెండు వేరువేరు పనులకు వాడుకలో ఉంది. గదిలోంచి బయటికి వస్తూ ఫ్యాను కట్టడం పొదుపే. అదే గాలిని సగం కంటే తక్కువ కరెంటుతో ఇచ్చే ఫ్యాను బిగించడమూ పొదుపే. మొదటిది మనిషి అలవాటుకు సంబంధించినది, రెండోది సామర్థ్యానికి, అంటే అదే ఫలితానికి తక్కువ శక్తి ఖర్చుచేయడానికి సంబంధించినది. పార్లమెంటు చేసిన ఇంధన పొదుపు చట్టం 2001 నాటిది. దాని కింద బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2002 మార్చి 1న ఏర్పడింది. పెద్ద వాణిజ్య భవనాల గోడలకూ, కప్పులకూ, కిటికీలకూ, ఏసీకీ, దీపాలకూ కనీస ప్రమాణాలు నిర్ణయించే భవన నియమావళి, ఈసీబీసీ, 2007లో వచ్చి 2017లో సవరణ పొందింది. దాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విభజనకు కొద్ది నెలల ముందు, 2014 జనవరిలో, స్థానిక మార్పులతో అమలులోకి తెచ్చింది. ఎనర్జీ మేనేజరు, ఎనర్జీ ఆడిటరు అనే అర్హతలకు ఆ బ్యూరోయే జాతీయ స్థాయిలో పరీక్ష నిర్వహిస్తుంది. అయితే నియమావళి కట్టబోయే భవనానికి వర్తిస్తుంది; ప్రాంగణంలో ఇంజనీరుకు ఎదురయ్యేవి ఎప్పుడో కట్టినవి, ఆ తరువాత నాలుగుసార్లు అతుకులు వేసినవి, మూల నక్షా ఎక్కడుందో ఎవరికీ తెలియనివి.

భవనాలను పోల్చడానికి వాడే కొలమానం ఈపీఐ, అంటే ఒక భవనం ఒక చదరపు మీటరు వైశాల్యానికి ఏడాదిలో వాడే యూనిట్ల సంఖ్య. ఈ కొలమానం రోగి జ్వరం చూసే థర్మామీటరు లాంటిది. ఉందో లేదో చెబుతుంది, ఎందుకొచ్చిందో చెప్పదు. కారణం తెలియాలంటే కాలాన్ని బట్టి చూడాలి. హెచ్‌టీ మీటరు ప్రతి పదిహేను నిమిషాలకో, అరగంటకో లోడును తనలో నమోదు చేసుకుంటూనే ఉంటుంది. దాన్ని లోడ్ సర్వే అంటారు. నెల బిల్లులో ఒక్క అంకెగా ముద్దకట్టి కనిపించే ఖర్చు ఈ లోడ్ సర్వేలో గీతగా విడివడి, ఉదయం ఎక్కి, మధ్యాహ్నం నిలబడి, సాయంత్రం దిగి, రాత్రి ఒక మట్టానికి వచ్చి ఆగుతుంది. ఆ మట్టమే రాత్రి లోడు. సాయంత్రం అయిదుకు మనుషులు వెళ్ళిపోతే గీత తొమ్మిదికి గానీ దిగకపోవడం, ఆదివారం గీత శనివారం గీతకు అచ్చు నకలుగా ఉండడం, వేసవి సెలవుల్లో కూడా తెల్లవారుజామున నాలుగు గంటలకు ఏదో ఒకటి ఠంచనుగా మొదలుకావడం వంటివన్నీ యంత్రం దగ్గరికి వెళ్ళకముందే కాగితం మీద కనబడతాయి. అయితే వివిధ భవనాలకు విడివిడిగా సబ్‌మీటర్లు లేని ప్రాంగణంలో ఈ గీత ఎవరిదో తెలియదు. ఉమ్మడి కుటుంబం కిరాణా ఖాతాలో ఎవరు ఎంత పంచదార తిన్నారో తెలియనట్టే. అందువల్ల పొదుపు పథకంలో మొదటి ఖర్చు ఎప్పుడూ సబ్‌మీటర్ల మీద పెట్టవలసినదే, అవి స్వయంగా ఒక్క యూనిటు కూడా మిగల్చకపోయినా.

గీత చూశాక నడక. రాత్రి రెండు గంటల వేళ, వాచ్‌మన్ చేతి తాళాల గుత్తితో పాటు, ఒక్కో అంతస్తూ నడిచి చూడడం ఈ వృత్తిలో ఏ పరికరమూ పూడ్చలేని పని. మొదట చెవికి వినబడేది వరండా చివర వాటర్ కూలరు కంప్రెసరు. తాగేవాడు లేని నీళ్ళను అది రాత్రంతా చల్లబరుస్తుంది, దాని కుళాయి కారుతూ ఉంటే ఆ చల్లని నీళ్ళు పోయి కొత్త నీళ్ళు రావడంతో దానికి ఆగే అవకాశమే ఉండదు. కంప్యూటర్ ల్యాబు తలుపు వెనక యూపీఎస్ తన సొంత ఫ్యానుతో గురగురమంటుంది; నిండు లోడుకు తయారైన ఆ యంత్రం పదో వంతు లోడు మీద నడిచేటప్పుడు లోపలికి తీసుకున్న దానిలో చెప్పుకోదగ్గ భాగాన్ని వేడిగా మార్చి ఆ గదికే వదులుతుంది. సర్వర్ గదిలో స్ప్లిట్ ఏసీ 18 డిగ్రీల మీద ఉంటుంది, ఎందుకంటే యంత్రాలకు ఎంత చల్లదనం కావాలో తెలియనప్పుడు అతి తక్కువ అంకె అందరికీ క్షేమంగా తోస్తుంది. వరండా ట్యూబులైట్లన్నీ వెలుగుతూనే ఉంటాయి. అంతస్తు మొత్తానికి ఒకే స్విచ్చి, ఆ స్విచ్చి ఉన్న పెట్టెకు తాళం, ఆ తాళంచెవి ఎలక్ట్రీషియన్ ఇంట్లో. భవనం వెలుపలికి వచ్చి టార్చి వేసి చూస్తే పైకప్పు ట్యాంకు నుంచి గోడ పొడుగునా దిగిన పాచి చార కనబడుతుంది. అది నీటి వృథా గుర్తుగానే అందరికీ తెలుసు; ట్యాంకులోని ఫ్లోట్ స్విచ్చి చెడిపోయి మోటారు గంటల తరబడి నీటిని పైకెత్తి కిందికి పారబోస్తున్నదనడానికి అది కరెంటు మీటరంత ఖచ్చితమైన సాక్ష్యం. ఇవేవీ ఇంజనీరింగు సమస్యలుగా పాఠ్యపుస్తకాల్లో ఉండవు. క్లాంప్ మీటరు, లక్స్ మీటరు, పవర్ ఎనలైజరు, థర్మల్ కెమెరా అన్నీ సంచిలో ఉన్నా, ఏ గదిలో ఏది ఎప్పుడు ఆగుతుందో, ఏది ఆగదో వాచ్‌మన్‌కు తెలిసినంతగా వాటికి తెలియదు. కానీ ఆడిట్ నివేదికల్లో ఆయన ప్రస్తావన ఎక్కడా కనబడదు.

ఈ వృత్తికి శాస్త్రగౌరవం తెచ్చిన వ్యక్తి జీవితంలో కూడా ఒక స్విచ్చి కథే ఉంది. ఆర్థర్ రోజెన్‌ఫెల్డ్ (1926–2017) ఎన్రికో ఫెర్మీ వద్ద డాక్టరేటు చేసిన కణభౌతిక శాస్త్రవేత్త, కాలిఫోర్నియాలో బర్క్‌లీ ఆచార్యుడు. 1973 నవంబరులో, అరబ్బు దేశాల చమురు ఆంక్షల వల్ల పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన రోజుల్లో, ఒక శుక్రవారం రాత్రి ఆయన ఇంటికి బయలుదేరుతూ దారిలో ఉన్న 20 ఆఫీసు గదుల దీపాలు ఆర్పాలనుకున్నారు. చిక్కల్లా స్విచ్చులు కనబడకపోవడం. కొన్ని ఫైలు బీరువాల వెనక, కొన్ని పుస్తకాల అలమరల వెనక, కొన్ని గోడపత్రాల కింద ఉన్నాయి. వారాంతమంతా దీపాలు వెలగడం ఆ సంస్థలో ఎవరి నిర్ణయమూ కాదు; స్విచ్చికి అడ్డంగా బీరువా పెట్టినవారు సామాను సర్దుకున్నారు, అంతే. ఆ తరువాత ఆయన కణభౌతికాన్ని వదిలి భవనాల వైపు వచ్చి, లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో భవనాల శక్తి పరిశోధనకు పునాది వేశారు. భవనం శక్తి వినియోగాన్ని కట్టకముందే గంట గంటకూ లెక్కించే కంప్యూటర్ ప్రోగ్రాములు, ట్యూబులైట్ల ఎలక్ట్రానిక్ చోకులు, తెల్లకప్పుల ప్రచారం ఆ పరిశోధన పరంపరలో వచ్చినవే.

దీపాల కథ సులువైనది. ప్రాంగణంలో అసలు బరువు సెంట్రల్ ఏసీ ప్లాంటు మీద ఉంటుంది కాబట్టి దాని నడక కొంత వివరంగా చెప్పుకోవాలి. ఏసీకి చెప్పే 'టన్ను' బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను మంచుగడ్డ 24 గంటల్లో పూర్తిగా కరగడానికి పీల్చుకొనే వేడి రేటు అది, నేటి లెక్కలో 3.517 కిలోవాట్లు. ఒక టన్ను చల్లదనానికి చిల్లరు, అంటే ప్లాంటులోని శీతలీకరణ యంత్రం, ఎన్ని కిలోవాట్లు తింటుందన్నది దాని సామర్థ్యానికి కొలత. నీటితో చల్లబడే మంచి చిల్లరు 0.6 దగ్గర ఉంటుంది. చిల్లరు నీటిని చల్లబరుస్తుంది, పంపు ఆ నీటిని భవనాలకు తోస్తుంది, భవనంలోని ఏహెచ్‌యూ అనే పెద్ద పెట్టె ఆ నీటి గొట్టాల మీదుగా గాలిని ఊది గదులకు పంపుతుంది, వేడెక్కిన నీరు తిరిగివస్తుంది, చివరకు ఆ వేడిని కూలింగ్ టవర్ ఆకాశానికి వదులుతుంది. సాధారణంగా నీరు 7 డిగ్రీల వద్ద వెళ్ళి 12 డిగ్రీల వద్ద తిరిగిరావాలని డిజైను చేస్తారు. తిరిగి 9 డిగ్రీలకే వస్తున్నదంటే దాని అర్థం నీరు ఊరికే ఊరు తిరిగి వస్తున్నదని: చల్లదనం ఎవరికీ అందలేదు, పంపుల ఖర్చు మాత్రం అయింది, రెండో చిల్లరు అవసరం లేకపోయినా వేయవలసివచ్చింది.

ప్లాంటు గదిలో బల్ల మీద ఒక లాగ్‌బుక్ ఉంటుంది. గంట గంటకూ ఆపరేటరు రాసిన అంకెలు అందులో ఉంటాయి: 7, 12, 7, 12, పేజీ పొడుగునా, ఒకే చేతివ్రాతతో, ఒకే కలంతో. ఏప్రిల్ మధ్యాహ్నం మూడు గంటలకూ డిసెంబరు ఉదయం తొమ్మిదికీ ఒకే అంకెలు రాసి ఉన్నాయంటే, అవి కొలిచినవి కావని తెలుసుకోవడానికి థర్మామీటరు అక్కర్లేదు. ఆపరేటరును తప్పుపట్టే ముందు ఇంజనీరు అదే గదిలో మరో రెండు విషయాలు చూడాలి. గొట్టం మీది థర్మామీటరు గాజు ఎప్పుడో మసకబారి ఉంటుంది. ఆ లాగ్‌బుక్‌ను పై అధికారి ఎవరూ చదవగా ఆ ఆపరేటరు చూసి ఉండడు. ఎవరూ చదవని లెక్క రాసేవాడు డిజైనులో ఉన్న అంకెనే రాయడం ఒక విధంగా న్యాయమే.

ఆ గదిలోనే పంపు పక్కన గోడకు ఒక చిన్న పెట్టె, వీఎఫ్‌డీ, ఉంటుంది. మోటారు వేగాన్ని అవసరం మేరకు తగ్గించే సాధనమిది. దాని విలువంతా ఘన నియమంలో ఉంది. ఫ్యానుకూ, అదే తరహా పంపుకూ, వేగం తగ్గిన కొద్దీ తినే శక్తి ఆ వేగపు ఘనానికి అనులోమంగా తగ్గుతుంది; వేగం 80 శాతానికి దించితే శక్తి 51 శాతానికి, సగానికి దించితే ఎనిమిదో వంతుకు దిగుతుంది. పైకెత్తవలసిన ఎత్తు ఎక్కువగా ఉన్న పంపుల్లో ఈ లాభం కొంత తగ్గినా, గొట్టాల్లో చుట్టూ తిరిగివచ్చే ఏసీ నీటి పంపుల్లో చాలావరకు దక్కుతుంది. వేల రూపాయలు పోసి కొన్న ఆ పెట్టె మీద చాలాచోట్ల కనబడే అంకె 50 హెర్ట్జ్, అంటే నిండు వేగం. పీడనం చూసి చెప్పవలసిన సెన్సరు చెడిపోయిననాడు ఎవరో దాన్ని మాన్యువల్‌లో పెట్టారు. సెన్సరు కొనడానికి ఇండెంటు వేశారు. ఇండెంటు ఎక్కడో ఆగింది. వీఎఫ్‌డీ తనలో తాను తినే కొద్దిపాటి కరెంటు కూడా కలిసి, అది లేనప్పటికంటే ఉన్నప్పుడే ఖర్చు కాస్త పెరిగింది. ఇక వీఎఫ్‌డీ లేనిచోట పంపు తరువాతి వాల్వు సగం మూసి ఉంటుంది; పంపు అవసరానికి మించి పెద్దదని ఎవరో ఏనాడో గ్రహించి, చేతికి అందిన మార్గంలో సర్దుబాటు చేశారన్నమాట. స్కూటరు యాక్సిలరేటరు నిండా తిప్పి బ్రేకుతో వేగం అదుపుచేయడం లాంటి ఆ పద్ధతి ఏళ్ళ తరబడి సాగి, వాల్వు చక్రానికి ఆ స్థానంలోనే రంగు కూడా వేసి ఉంటుంది.

ఉన్న యంత్రాలను మార్చకుండా, అవి నడవవలసినట్టు నడిచేలా సరిదిద్దే పనికి వృత్తిలో కమిషనింగ్ అని పేరు. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలోని ఎనర్జీ సిస్టమ్స్ ల్యాబొరేటరీ దీన్ని ప్రాంగణ స్థాయిలో ఒక పద్ధతిగా రూపొందించింది. అక్కడి ఇంజనీర్లు గమనించిన వాటిలో ముఖ్యమైనది, ఒకే భవనంలో ఒకే సమయంలో గాలిని ముందు చల్లబరచి మళ్ళీ వేడిచేయడం. రెండు యంత్రాలూ తమ తమ పని సక్రమంగానే చేస్తుంటాయి, గదిలో కూర్చున్నవారికి హాయిగానే ఉంటుంది, ఫిర్యాదు ఉండదు, బిల్లు మాత్రం రెండు పనులకూ పడుతుంది. 2009లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పక్షాన ఎవాన్ మిల్స్ 643 భవనాల సమాచారం క్రోడీకరించినప్పుడు, పాత భవనాల్లో కమిషనింగ్ వల్ల మధ్యస్థంగా 16 శాతం శక్తి మిగిలిందనీ, పెట్టిన ఖర్చు 1.1 సంవత్సరాల్లో తిరిగివచ్చిందనీ తేలింది. కొత్త యంత్రమేదీ కొనకుండా ఇంత మిగలడం ఈ ఉపన్యాసం మొదట చెప్పిన సందుల వెడల్పును చూపుతున్నది.

హాయి అనే మాట వచ్చింది కాబట్టి దాన్నీ తూచాలి, ఎందుకంటే చల్లదనం ఎంత కావాలన్నది యంత్రాన్ని అడిగే ప్రశ్న కాదు. జాతీయ భవన నియమావళి చాలాకాలం 23 నుంచి 26 డిగ్రీల మధ్యను హాయిగా పరిగణించింది. 2008 వేసవిలోనూ వానాకాలంలోనూ పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి హైదరాబాదు అపార్టుమెంట్లలో నివసించేవారిని ప్రత్యక్షంగా అడిగి చేసిన అధ్యయనంలో, వారికి అటూ ఇటూ కాకుండా సరిపోయిన ఉష్ణోగ్రత 29 డిగ్రీల పైచిలుకనీ, హాయి పరిధి 26 నుంచి 32 డిగ్రీల దాకా విస్తరించిందనీ తేలింది. ఫ్యాను గాలి, నూలుబట్టలు, చిన్ననాటి నుంచి అలవాటైన ఎండ ఈ తేడాకు కారణాలు. కొత్త గది ఏసీలు 24 డిగ్రీల మీద మొదలయ్యేలా తయారుకావాలన్న నిబంధన 2020 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో అంచనా. సెమినారు హాలులో ఏసీ 18 మీద పెట్టి వేదిక మీది పెద్దలకు శాలువాలు కప్పే సంప్రదాయం ఈ లెక్కల్లో ఎక్కడా ఇమడదు.

ప్రాంతాన్ని బట్టి ఉపాయం మారుతుందన్నది పాతకాలపు ఇళ్ళకు బాగా తెలుసు. కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లే పద్ధతి హైదరాబాదు పొడి వేసవిలో పనిచేసినట్టు విశాఖపట్నం ఉక్కలో పనిచేయదు. గాలిలో ఇప్పటికే తడి నిండి ఉన్నచోట నీరు ఆవిరి కాదు, ఆవిరి కాని నీరు చల్లబరచదు. అందుకే భవన నియమావళి హైదరాబాదును మిశ్రమ శీతోష్ణ మండలంలోనూ, కోస్తాను వేడి-తేమ మండలంలోనూ ఉంచింది. పీఠభూమి మీది హైదరాబాదులో రాత్రి గాలి చల్లబడుతుంది కాబట్టి, రాత్రి కిటికీలు తెరిచి గోడల వేడిని వదిలించి పగలు మూసే ఉపాయం అక్కడ చెల్లుతుంది. 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల మందపాటి గోడలు, ఎత్తైన కప్పులు, పొడవాటి వరండాలు ఈ జ్ఞానంతో కట్టినవి. ఇటువంటి పాత భవనం ఏదైనా సరే, దానిలో ఫాల్స్ సీలింగు దించి, వెంటిలేటర్లు మూసి, ప్లైవుడ్ గోడలతో గదిని మూడు గదులుగా విడగొట్టి, ఒక్కోదానికీ ఒక ఏసీ బిగించాక, ఆ భవనానికి ఎక్కువ కరెంటు కావలసివస్తున్నదని నివేదిక రాయడం ఇంజనీరుకు ఒక ఇబ్బందికరమైన క్షణం.

కప్పుల విషయంలో అయితే తెలుగువారికి సొంత లెక్కే ఉంది. మేడ మీద సున్నం కొట్టడం ఒకప్పటి అలవాటు. దాని విలువను కొలిచినది హైదరాబాదులోనే. అక్కడి అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ, అంటే ట్రిపుల్ ఐటీ, బర్క్‌లీ ప్రయోగశాల కలిసి హైదరాబాదు భవనాల మీద చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, నల్లటి కప్పును తెల్లగా మారిస్తే ఒక చదరపు మీటరు కప్పుకు ఏడాదికి 20 నుంచి 22 యూనిట్లు, పూతలేని కాంక్రీటు కప్పును మారిస్తే 13 నుంచి 14 యూనిట్లు ఏసీ కరెంటు మిగిలినట్టు తేలింది. తెలంగాణ ప్రభుత్వం 2023 నుంచి 2028 వరకు కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించడం ఈ పరంపరలోనిదే. తెల్లదనం దుమ్ముతో తగ్గుతుంది, కప్పును ఏడాదికోసారైనా కడగాలి. కడిగే పని సివిలు వారిదా, పారిశుధ్య కాంట్రాక్టరుదా అన్న ప్రశ్న దగ్గర మళ్ళీ ఒక సందు తెరుచుకుంటుంది.

కొత్తగా కట్టేటప్పుడు ఎంత దూరం వెళ్ళవచ్చో చూపిన ప్రయోగం కూడా హైదరాబాదు శివార్లలోని పోచారంలో జరిగింది. ఇన్ఫోసిస్ ప్రాంగణంలో రెండున్నర లక్షల చదరపు అడుగుల ఒక భవనాన్ని సరిగ్గా రెండు సమభాగాలుగా కట్టి, ఒక భాగానికి మేలైన రకం మామూలు ఏసీనీ, రెండో భాగానికి రేడియంట్ కూలింగ్ పద్ధతినీ అమర్చారు. రేడియంట్ పద్ధతిలో చల్లని నీటి గొట్టాలు కాంక్రీటు శ్లాబులోనే ఉంటాయి. కప్పు చల్లబడి, కింద కూర్చున్నవారి ఒంటి వేడిని నేరుగా గ్రహిస్తుంది. పీల్చుకోవడానికి కావలసిన పొడి గాలి మాత్రం వేరుగా వస్తుంది. నీరు ఒకే ఘనపరిమాణపు గాలి కంటే మూడు వేల రెట్లకు మించి వేడిని మోయగలదు కాబట్టి పెద్ద పెద్ద ఫ్యాన్లతో గాలిని తోయవలసిన అవసరం తప్పుతుంది. శ్లాబు ఉష్ణోగ్రత గాలిలోని తడి చెమ్మగా పేరుకొనే మట్టం, అంటే తుషార స్థానం కంటే కిందికి దిగితే కప్పు నుంచి బొట్లు రాలుతాయి. తేమ అదుపు తప్పకుండా చూడడమే ఈ పద్ధతికి ప్రాణం. ఫలితంగా రేడియంట్ భాగం ఏసీ ఖర్చు రెండో భాగం కంటే దాదాపు మూడో వంతు తగ్గింది, కట్టుబడి ఖర్చు మాత్రం రెండింటికీ ఇంచుమించు సమానం. ఒకే ఎండ, ఒకే తరహా ఉద్యోగులు, ఒకే ఏడాది: భవనాల విషయంలో ఇంత శుభ్రమైన పోలిక అరుదుగా దొరుకుతుంది.

దీపాలు, ఫ్యాన్ల సంగతి అందరికీ తెలిసినదే. రాగిచోకుతో 55 వాట్లు తినే పాత ట్యూబు స్థానంలో 20 వాట్ల ఎల్‌ఈడీ, 75 వాట్ల ఫ్యాను స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను; వెయ్యి ఫ్యాన్లు ఏడాదికి 2,500 గంటలు తిరిగితే తేడా 1,12,500 యూనిట్లు. దీనికి ఇంజనీరు తెలివి పెద్దగా అక్కర్లేదు, కొనుగోలు కమిటీ చాలు.

ప్రయోగశాలలు వేరే లోకం. రసాయన శాస్త్ర విభాగంలో విషవాయువులను లాగేసే ఫ్యూమ్‌హుడ్ అనే గాజు అలమర గదిలోని చల్లబరచిన గాలినంతా లాగి బయట పారబోస్తుంది. అమెరికా ప్రాంగణాల అంచనాల్లో ఒక్క హుడ్ మూడిళ్ళకు మించిన శక్తి ఖర్చుకు సమానం. పని లేనప్పుడు దాని గాజుతలుపు దించడమే మందు, అదీ గాలి ప్రవాహం తలుపుతో పాటు తగ్గే రకం హుడ్ అయితేనే. జీవశాస్త్ర విభాగాల్లో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లను మైనస్ 70కి మార్చితే మూడో వంతు దాకా కరెంటు మిగులుతుంది. ఇక్కడ మాత్రం ఇంజనీరు తొందరపడకూడదు. ఆ ఫ్రీజరులో ఒక పరిశోధక విద్యార్థి అయిదేళ్ళ శ్రమ ఉంటుంది. గాలి మార్పిడి తగ్గించిన గదిలో ఒకరి ఊపిరి ఉంటుంది. భద్రతాధికారి సంతకం లేకుండా ముట్టుకోరాని చోట్లు ప్రాంగణంలో ఉన్నాయి, ఉండాలి.

ఇక డబ్బు. ప్రాంగణంలో బిల్లు కట్టేది ఆర్థిక విభాగం, యంత్రాలు చూసేది ఎస్టేట్ విభాగం, కరెంటు వాడేది బోధన విభాగాలు, భవనాన్ని గీసేది బయటి ఆర్కిటెక్టు, కట్టేది అతి తక్కువ ధర వేసిన ఎల్-1 కాంట్రాక్టరు. తక్కువ ధరకు కొన్న మోటారు తన జీవితకాలంలో తన ధరకు ఎన్నో రెట్లు కరెంటు తింటుందన్నది అందరికీ తెలిసినా, టెండరు పట్టికలో ఆ అంకెకు నిలువు వరుస ఉండదు. ఒక విభాగం కష్టపడి మిగిల్చిన డబ్బు సాధారణ నిధిలో కలిసిపోతుంది. మరుసటి ఏడాది కేటాయింపు ఆ మేరకు తగ్గినా ఆశ్చర్యం లేదు. పైగా బిల్లులో వాడిన యూనిట్లతో పాటు డిమాండు చార్జీ ఉంటుంది: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ హెచ్‌టీ వినియోగదారుడు నమోదైన గరిష్ఠ డిమాండుకో, ఒప్పందం చేసుకున్న డిమాండులో 80 శాతానికో, ఏది ఎక్కువైతే దానికి చెల్లించాలి. పొదుపు చర్యలతో గరిష్ఠ డిమాండు బాగా తగ్గినా ఒప్పందాన్ని సవరించుకోకపోతే ఆ తగ్గుదలలో కొంత కాగితం మీదే మిగిలిపోతుంది. సవరణకు దరఖాస్తు పెట్టవలసింది ఎవరన్నది మళ్ళీ ప్రశ్నే.

ఈ చిక్కుల మధ్య పైకప్పు మీద సౌర ఫలకాలు అమర్చడం పాలకులకు సులువుగా తోచడంలో వింత లేదు. అవి కంటికి కనబడతాయి, ప్రారంభోత్సవానికి మంత్రిగారిని పిలవవచ్చు, శిలాఫలకం వేయించవచ్చు. సగం మూసిన వాల్వును సరిదిద్దినందుకు శిలాఫలకం వేయించిన సంస్థ ఏదీ లేదు. సౌరశక్తికి ఈ ఉపన్యాసం వ్యతిరేకం కాదు. వృథాను అలాగే ఉంచి దానికి సరిపడా ఫలకాలు కొనడం చిల్లుకుండకు పెద్ద కుళాయి పెట్టడమవుతుందని మాత్రమే చెబుతున్నది.

మిగిలినదాన్ని చూపడంలో ఉన్న కష్టం ఈ వృత్తికే ప్రత్యేకం. వాడిన యూనిటును మీటరు కొలుస్తుంది. వాడకుండా మిగిలిన యూనిటును కొలిచే మీటరు లేదు. పొదుపు అంటే ఏ మార్పూ చేయకపోతే అయ్యేదన్న ఊహకూ, అయినదానికీ మధ్య తేడా. ఆ ఊహకు ఆధారరేఖ అని పేరు. ఎండల తీవ్రత, విద్యార్థుల సంఖ్య, కొత్తగా చేరిన హాస్టలు బ్లాకు అన్నిటినీ లెక్కలోకి తీసుకొని దాన్ని సవరించాలి. నిరుటి కంటే బిల్లు పెరిగిందని కోపగించే పాలకుడికి, ఈ వేసవి అంత వేడి కాకపోతే, ఆ బ్లాకు చేరకపోతే తగ్గేదని చెప్పడం నమ్మకాన్ని కోరే పని. 1865లో ఆర్థికవేత్త స్టాన్లీ జెవన్స్ బొగ్గు విషయంలో చూపిన సంగతి, ఆవిరియంత్రం సామర్థ్యం పెరిగిన కొద్దీ బొగ్గు వాడకం తగ్గక పెరగడం, ప్రాంగణాల్లోనూ తలెత్తుతుంది: ఎల్‌ఈడీ చవకని చెట్లకు, ప్రహరీకి, ముఖద్వారానికి దీపాలు వేలాడతాయి. 2020లో కోవిడ్ వల్ల కళాశాలలు మూతబడిన నెలల్లో ఇంజనీర్లకు ఒక అయాచిత ప్రయోగం దొరికింది; విద్యార్థులు, అధ్యాపకులు, సిబ్బంది ఎవరూ లేకపోయినా మీటర్లు ఆగలేదు. ఆ నెలల లోడ్ సర్వేను భద్రపరచుకున్న ప్రాంగణానికి తన రాత్రి లోడు ఎంతో ఎవరూ చెప్పనక్కరలేదు.

సాధించిన పొదుపు నిలిచి ఉంటుందన్న హామీ కూడా లేదు. టెక్సాస్ ఏ అండ్ ఎం ప్రాంగణంలో కమిషనింగ్ చేసిన పది భవనాలను కొన్నేళ్ళకు మళ్ళీ పరిశీలించినప్పుడు, పొదుపులో చాలాభాగం నిలిచినా కొంత జారిపోయిందనీ, జారినదానిలో ఎక్కువ వాటా రెండు భవనాల్లో చెడిపోయిన పరికరాలదీ, మారిన సెట్టింగులదీననీ బయటపడింది. తెలుగు ప్రాంగణంలో ఇది సాధారణంగా ఇలా జరుగుతుంది. ఆడిటోరియం ఏహెచ్‌యూకు టైమరు అమర్చి, రాత్రి ఏడుకు తనంతట తాను ఆగేలా చేస్తారు. గీత దిగుతుంది, నివేదిక అచ్చవుతుంది. రెండేళ్ళ తరువాత చూస్తే గీత మళ్ళీ మొదటి మట్టానికి వచ్చి ఉంటుంది. లోడ్ సర్వేను వెనక్కి తిప్పుకుంటూ పోతే ఒక ఆదివారం నుంచి రాత్రి లోడు పెరిగినట్టు తేలుతుంది. ఆ రోజు వార్షికోత్సవం, కార్యక్రమం ఆలస్యమైంది, సభ మధ్యలో ఏసీ ఆగకుండా ఎవరో ప్యానెల్ తెరిచి సెలెక్టర్ స్విచ్చిని ఆటో నుంచి మాన్యువల్‌కు తిప్పారు. ఎవరు తిప్పారో వాచ్‌మన్‌కు గుర్తుండదు, ఎలక్ట్రీషియన్ అప్పటికి బదిలీ అయి ఉంటాడు. స్విచ్చి మీద మాత్రం సెల్లోటేపుతో అంటించిన కాగితం ముక్క, స్కెచ్ పెన్నుతో రాసిన అక్షరాలతో, ఇంకా ఉంటుంది: 'ముట్టుకోవద్దు'.